వానగది ఒర్సోలా

ఒర్సోలా నోటి నుంచి ఒక మంచి మాట విన్నామనేవాళ్ళు గ్రుల్యాస్కో ఊరంతా వెతికినా దొరకరు. రొట్టెల కొట్టుకు వెళితే అడుగు మాడిందనేది. మాడకపోతే లోపల పచ్చిగా ఉందనేది. ఆదివారం పూజ ముగించి పాదిరీ గుమ్మంలో నిలబడితే, "ఇవాళ మధ్యలో మీరే కునుకు తీశారనుకున్నా, ఫాదర్" అని చేయి కలిపేది. కొందరికి కోపం ముక్కు మీద ఉంటుందంటారు. ఈమెది అంత దూరం ఎక్కే శ్రమ కూడా పడలేదు, నాలుక మీదే కాపురం పెట్టింది. జనం ఆమెను చూసి రోడ్డు దాటి అవతలి వైపు నడిచేవారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

అయితే ఎవరూ తల్లి కడుపులోంచి అలా ఊడిపడరు. ఆమెను అలా చేసింది వానగది.

చిన్నపిల్లగా ఉండగానే ద్రాక్షతోటల కొండ దిగి వచ్చి, కార్ల బాడీలు కట్టే కార్ఖానాలో కుట్టుపనికి చేరింది. అక్కడ స్పైడర్లు తయారయ్యేవి, అంటే మడిచి వెనక్కి తోసేసే గుడ్డకప్పు ఉన్న రెండు సీట్ల కార్లు. ఆ కప్పులు కుట్టడం ఆడవాళ్ళ పని. కుట్టిన ప్రతి కప్పూ బయటి లోకం చూసే ముందు వానగదికి వెళ్ళాలి. గోడల నిండా పింగాణీ పలకలు, పైన వరసగా గొట్టాలు. కారును లోపలికి తోసి, తలుపు మూసి, నీళ్ళు వదిలేవారు. ఆ కప్పు ఎవరు కుట్టారో ఆమే కారులో కూర్చుని, తల పైకెత్తి, కుట్టు కుట్టునూ చూడాలి. అది అక్కడి నియమం. చుక్క పడితే కుట్టిన మనిషి నెత్తినే పడుతుంది. విప్పి మళ్ళీ కుట్టుకోవలసిందే. కార్ఖానా మూతబడేదాకా ఒర్సోలా ఆ గదిలో కూర్చుంది. జలుబులూ, మెడనొప్పీ వచ్చి పోయాయి కానీ ఒక జబ్బు మాత్రం ఉండిపోయింది. దేని కింద కూర్చున్నా ఎక్కడ కారుతుందా అని చూడటం. తన పెళ్ళినాడు ఉంగరం తొడగబోతున్న ఎవాసియో చెవిలో, "ఆ మూల కప్పు చెమ్మెక్కింది చూశావా?" అంది. ఆయన చర్చిలోనే పకపకా నవ్వాడు. ఒర్సోలా మాటలకు నవ్విన మనిషి ఆయన ఒక్కడే.

ఎవాసియో ఓడెల్లో, ఆయన తమ్ముడు తెరెసియో ఒకే పెరట్లో షెడ్డు వేసుకుని పాత స్పైడర్లు బాగుచేసేవారు. తమ్ముడిది చర్మం పని, సుత్తితో రేకు మలచడం. అన్నగారిది ఎముకల పని, అంటే లోపలి చట్రం. మామూలు కారుకు పైకప్పు కూడా ఒక దన్ను. కప్పు తెరుచుకునే కారుకు ఉన్న బలమంతా తలుపుల కింద గడపల్లోనే. ఆ గడపలు డొల్ల పెట్టెలు. కప్పు మీద పడిన నీళ్ళు వెనక కాలువలోంచి వాటిలోకి దిగి, అడుగున ఉన్న చిన్న కన్నాల గుండా బయటికి పోవాలి. కన్నాలు పూడితే నీళ్ళు లోపలే నిలిచి, పైకి ఏమీ తెలియకుండా తుప్పు తినేస్తుంది. అటువంటి గడపను కోసేముందు ఎవాసియో తలుపు ఖాళీకి అడ్డంగా ఒక ఇనుప కడ్డీ అతికించేవాడు. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకునేవాడు. లేకపోతే బండి నడుం దిగిపోతుంది, మళ్ళీ లేవదు. చివర్న కప్పు ఒర్సోలా కుట్టేది. ఆ ముగ్గురి చేతుల మీదుగా వెళ్ళిన బండికి వంక పెట్టడానికి ఒర్సోలాకు కూడా ఒక పూట పట్టేది.

ఒక అక్టోబరు ఉదయం ఎవాసియో వెల్డింగు ముసుగు తీయకుండానే స్టూలు మీద కూర్చుండిపోయాడు. గుండె ఆగింది. పరామర్శకు వచ్చినవాళ్ళతో ఒర్సోలా, "శవపెట్టె మూత సరిగ్గా అతకలేదు" అంది. ఏడవాల్సిన చోట కూడా ఇదేం మనిషి అనుకున్నారు జనం.

మరిదితో పోరు అక్కడ మొదలైంది. షెడ్డు మీద 'ఓడెల్లో సోదరులు' అన్న బోర్డు అలాగే ఉంది, ఎముకల పని కూడా తెరెసియోనే ఒప్పుకోసాగాడు.

"సోదరులంటే ఎంతమంది మరిదీ? నాకు ఒక్కడే కనిపిస్తున్నాడే!" అని అడిగింది ఒర్సోలా.

"బోర్డు మా నాన్న పెట్టింది. నీ పుట్టింటి నుంచి తెచ్చింది కాదు."

"చచ్చిపోయినవాడి పేరు చూపించి రాని పని చేస్తున్నావు. సిగ్గుండాలి."

"నీ నోటికి భయపడే మా అన్న తొందరగా పోయాడు. ఆ సంగతి కూడా బోర్డు మీద రాయించమంటావా?"

ఆ మాట తర్వాత ఇక ఉప్పూ నిప్పూ. పచ్చగడ్డి వేసినా భగ్గుమనేంత వైరం. పెరడు మధ్యగా ఒక కంచె లేచింది. కప్పులు కుట్టే పని తెరెసియో పొరుగూరి మగవాడికెవరికో ఇచ్చాడు. తిట్టు కంటే ఒర్సోలాకు అదే ఎక్కువ తగిలింది. కంచెకు ఇవతల కూర్చుని సోఫాలకు గుడ్డలు తొడుగుతూ, అవతల వెళ్ళే ప్రతి బండినీ ఎత్తిపొడుస్తూ ఏళ్ళు గడిపింది. కొనడానికి వచ్చినవాళ్ళు విని వెనక్కి తిరిగిన సందర్భాలూ లేకపోలేదు. తెరెసియో వాళ్ళకో మాట నేర్చుకున్నాడు: "ఆవిడ మా వదిన. ఆవిడకు యేసుప్రభువు సిలువ కూడా వంకరగానే కనిపిస్తుంది." జనం నవ్వేవారు, కొనేవారు.

ఇక ఈ కథ ఒక ఏప్రిల్ ఆదివారానిది. ఒర్సోలా కూతురు నీవెస్, అల్లుడు ఫుల్వియో మిఠాయి పొట్లంతో వచ్చారు. ఫుల్వియో కట్టుడు పళ్ళు తయారు చేసేవాడు, మెత్తని మనిషి. అత్తగారి ఇంట్లో కుర్చీ చివర కూర్చునే అలవాటు.

"అమ్మా, నువ్వు అరవనంటే ఒక మాట చెప్తా," అంది నీవెస్.

"అరిచే మాటైతే అరుస్తా. చెప్పు."

"బాబాయి ఎర్ర స్పైడర్ ఉంది కదా, మేం తీసుకుంటున్నాం. జూన్లో పాత బళ్ళ క్లబ్బువాళ్ళతో తెందా కనుమ మీదుగా సముద్రానికి పోతాం. కప్పు తీసేసి."

తెందా కనుమ మీద మలుపులు ఒకదాని మీద ఒకటి మెలికలు తిరిగి ఉంటాయి. పక్కన లోయ. ఒర్సోలా చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టింది. ఆ ఎర్ర బండి గడపలు తెరెసియో కోసిన రోజు ఆమె కంచె దగ్గరే ఉంది. రెండు తలుపులూ ఊడదీసి, ఏ కడ్డీ అడ్డం పెట్టకుండా, రెండు పక్కలా ఒకేసారి కోశాడు. అప్పుడు అరిచింది కూడా. ఆయన రేడియో శబ్దం పెంచాడు.

"అది కొనడానికి వీల్లేదు," అంది.

"చూశావా ఫుల్వియో, చెప్పలా నేను?" అంది నీవెస్ లేస్తూ. "పద, బాబాయి మనకోసం భోజనం బల్ల వేశాడు."

వాళ్ళు కంచె దాటి అవతలికి వెళ్ళారు. ఒర్సోలా ఎన్నో ఏళ్ళుగా ఆ కంచె దాటలేదు. ఇప్పుడు ఎవరూ పిలవకుండానే దాటింది.

బండి ఎండలో నిగనిగలాడుతోంది. బల్ల మీద వైను, జున్ను, వెల్లుల్లి చేపల పులుసులో ముంచుకోవడానికి కూరముక్కలు. తెరెసియో తెల్ల చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రా వదినా, రా! ఇవాళ పొద్దు ఎటు పొడిచిందో," అన్నాడు.

"నీ పొద్దుతో నాకు పనిలేదు. నీ బండితో ఉంది."

ఎవరి అనుమతీ అడగకుండా మొదట కప్పు దగ్గరికి వెళ్ళింది. మూసి ఉన్న కప్పును రెండు వేళ్ళతో పైకి లాగి వదిలింది. గుడ్డ ముడతపడి వదులుగా ఊగింది.

"కొత్త కప్పు. వదులు," అంది. "నమూనా ప్రకారం కుడితే డప్పులా బిగియాలి. ఎందుకు వదులైందో తెలుసా అల్లుడుగారూ? ముందు అద్దం వెనక్కి ఒరిగింది. బండి నడుం దిగింది, పైన రెండు కొసలూ దగ్గరికొచ్చాయి."

"కుట్టినవాడికి చేతకాలేదంతే," అన్నాడు తెరెసియో. "నీకు ఇవ్వలేదని కదా నీ బాధ?"

ఫుల్వియో నవ్వాపుకున్నాడు. ఒర్సోలా ఆ నవ్వు చూసింది, లోపల దాచుకుంది. జేబులోంచి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం తీసి తలుపు మీద ఆనించింది. అతుక్కుంది. తలుపు వెనక అంచు దగ్గరికి జరిపితే జారి కిందపడింది.

"ఇక్కడ ఇనుము లేదు, లప్పం. వంగిన చట్రంలో తలుపు చుట్టూ సందు సమంగా కనిపించేలా అంచు అరగదీసి లప్పం పూశాడు. తలుపు బాగుంది, బండే వంకరపోయింది. పైన పటారం, లోన లొటారం!" తర్వాత వంగి సీటు ముందున్న తివాచీ మూల ఎత్తి వాసన చూసింది. "ముక్కిపోయిన వాసన. మీరూ చూడండి. పళ్ళ వాసనలు చూసే ముక్కేగా!"

"అత్తయ్యా, పాత బండి అన్నాక పాత వాసన రాదా?" అన్నాడు ఫుల్వియో మెల్లగా.

"ఆడదాని రంగు చూసి పెళ్ళి చేసుకున్నట్టు బండినీ రంగు చూసి కొంటారా?" అనేసి, అతను చేసుకున్నది తన కూతురినేనని గుర్తొచ్చి ఒర్సోలా నాలుక కరుచుకుంది. నీవెస్ ముఖం అప్పటికే ఎర్రబడింది.

ఇక ఆలస్యం చేయలేదు ఒర్సోలా. బల్ల మీది నీళ్ళ కూజా ఎత్తి, కప్పు వెనకనున్న కాలువలో గుబగుబా ఒంపేసింది.

"ఏయ్! నీకు పిచ్చా?" తెరెసియో గావుకేక పెట్టాడు.

"పిచ్చే. అందరూ కింద చూడండి. గడప అడుగున కన్నాల్లోంచి నీళ్ళు కారాలి. నా మొగుడు కట్టిన ఏ బండైనా కారుతుంది. ఏదీ? ఎక్కడ?"

కింద నేల పొడిగా ఉంది. కన్నాలన్నిటి మీదా నల్లగా తారు పూసి ఉంది.

"కూజాడు నీళ్ళు లోపలికి పోయాయి. బయటికి రాలేదు. ఎక్కడికి పోయాయి మరిదీ? స్వర్గానికా, మీ అన్న దగ్గరికా?"

"తారు పూస్తే తుప్పు పట్టదని పూశాను," అన్నాడు తెరెసియో. ముఖం గంటుపెట్టుకున్నాడు. "ఇది ఆదివారం బండి, ఎండలో తిరిగే బండి. వానలో ఎవడు తిప్పుతాడు? అన్న కూతురికి నేను చెడ్డ బండి ఇస్తానా?"

"అయితే జాకీ తే. ఒక మూల పైకి లేపు. మంచి బండైతే ఒళ్ళంతా ఒక్కటిగా లేస్తుంది, తలుపు వేలితో తీసినా వస్తుంది. గడప కుళ్ళిందైతే మెలిపడి తలుపు బిగుసుకుంటుంది. ఇది నీకు మీ అన్న నేర్పిందే కదా!"

"జాకీ పెడితే కింద రంగు పోతుంది. పెట్టను. ఇంత మాట నా ముంగిట్లోకొచ్చి అన్నాక అసలే పెట్టను." ఆయన ఫుల్వియో వైపు తిరిగి చేయి చాపాడు. "అల్లుడూ, ఆవిడ సంగతి నీకు తెలుసు. ఇక నీ ఇష్టం."

ఆ పెరట్లో చేయి కలిపితే బేరం ఖాయం. కాగితాల పని ఎప్పుడైనా చేసుకోవచ్చు, మాట మాత్రం వెనక్కి పోదు. ఫుల్వియో భార్య వైపు చూశాడు.

"నీవెస్, ఒద్దమ్మా," అంది ఒర్సోలా. "దాని కింద ఏమీ లేదు. నేను చెప్తున్నా."

"నువ్వు చెప్తున్నావు!" నీవెస్ తల్లి ఎదుటికి వచ్చింది. "నా చదువు బాలేదన్నావు. నా జుట్టు బాలేదన్నావు. ఈయన్ని చూసిన మొదటిరోజే బూట్లు బాలేదన్నావు. నా పెళ్ళికి నువ్వే కుట్టిన గౌను, చర్చి మెట్ల మీద నిలబెట్టి, అది కూడా బాలేదన్నావు. అన్నీ చెడ్డవేనమ్మా నీకు. అన్నీ చెడ్డవైతే నిజంగా చెడ్డదేదో నాకెట్లా తెలుస్తుంది?"

ఒర్సోలాకు కోపం రాలేదా అంటే వచ్చింది, గొంతు దాకా వచ్చింది. కానీ దాని వెనకే భయం వచ్చింది. తను చెప్పేది అక్షరాలా నిజం, ఆ నిజానికి పూచికపుల్ల విలువ లేదు. అలా చేసుకున్నది తనే. తెరెసియో చాపిన చేయి అలాగే ఉంది. ఫుల్వియో చేయి లేస్తోంది.

"ముందు మడ్‌గార్డు చూడండి," అంది ఒర్సోలా.

అందరూ ఆమె వైపు తిరిగారు. మళ్ళీ ఏదో వంక అనుకున్నారు.

"ఆ మడ్‌గార్డు కొన్నది కాదు. చదును రేకును సుత్తితో కొట్టి తీశాడు." ఒక్కొక్క మాటా పంటి కింద రాయిలా నలిగి బయటికి వస్తోంది. "అయస్కాంతం ఎక్కడ పెట్టినా అతుక్కుంటుంది, లప్పం చుక్క లేదు. దీపం చుట్టూ ఆ వంపు చూడండి. కార్ఖానాలో నా చుట్టూ హాలు నిండా సుత్తి పనివాళ్ళుండేవాళ్ళు. అటువంటి వంపు తీసినవాడు వాళ్ళలో ఒక్కడు లేడు. ఇంజను శబ్దం నేను రోజూ వింటున్నా, గడియారంలా ఉంది. రంగు పల్చగా, సమంగా వేశాడు. నా మొగుడికి కూడా ఈ చేయి లేదు. ఆ మాట ఆయనే అనేవాడు."

ఫుల్వియో చేయి సగంలో ఆగింది.

"అత్తయ్యా, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు ఫుల్వియో.

"బాగాలేదు. బాగున్నవన్నీ చెప్పేశాను, ఇంకేం మిగల్లేదు. ఇప్పుడు బాగాలేనిది వినండి. తలుపుల కింద గడపలు కుళ్ళిపోయాయి. వాటి మీద కొత్త రేకు కప్పాడు."

నీవెస్ తల్లినే చూస్తూ నిలబడింది. ఆమెకు గుర్తున్నంతవరకూ అటువంటి మాటలు ఆ నోటి నుంచి వినలేదు. తన గురించైతే అసలే వినలేదు, ఆ సంగతి కూడా ఆ క్షణంలో గుచ్చుకునే ఉంటుంది. తెరెసియో వైపు తిరిగింది.

"బాబాయ్, జాకీ పెట్టు."

తెరెసియో చాపిన చేయి దించాడు. వదినను తిట్టడానికి ఆయన దగ్గర ఎప్పుడూ మాటలకు కరువు లేదు. ఇప్పుడు ఎవరినీ చూడకుండా షెడ్డులోకి వెళ్ళి, జాకీ తానే ఈడ్చుకొచ్చాడు. తెల్ల చొక్కాతోనే నేల మీద బోర్లా పడుకుని దాన్ని ముందు మూల కింద అమర్చాడు.

నీవెస్ డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. జాకీ లేచింది. బండి ముందు మూల లేచింది, వెనక భాగం లేవలేదు. ఎక్కడో లోపల రేకు కిర్రుమంది. గడప అతుకు విడిచిన చోట నుంచి ఇందాకటి కూజా నీళ్ళు కారడం మొదలుపెట్టాయి, కాఫీ రంగులో, తుప్పు పెళ్ళలతో సహా.

"తలుపు తియ్యి నీవెస్," అన్నాడు ఫుల్వియో.

నీవెస్ పిడి నొక్కి తోసింది. భుజంతో తోసింది. తలుపు కదల్లేదు. "రావట్లేదు," అంది చిన్నపిల్లలా. ఫుల్వియో బయటి నుంచి లాగాడు, రెండు చేతులతో లాగాడు. రాలేదు. చివరికి కప్పు గొళ్ళేలు విప్పి వెనక్కి తోసి, చంకల కింద చేతులు వేసి భార్యను తలుపు మీదుగా బయటికి ఎత్తాడు.

"మావయ్యా, మేం తెందా ఎక్కేవాళ్ళం," అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. చేయి జేబులో పెట్టుకున్నాడు.

నీవెస్ తల్లి పక్కగా వెళుతూ ఆగింది. కౌగిలించుకుంటుందేమో అనిపించింది. "గౌను బాగుందమ్మా, అప్పుడు కూడా," అనేసి గేటు వైపు నడిచింది. ఒర్సోలా బదులు చెప్పేలోపే గేటు బయట వాళ్ళ కారు తలుపు మూసుకున్న శబ్దం వినిపించింది.

పెరట్లో వదినా మరిదీ మిగిలారు. పులుసు చల్లారిపోతోంది. తెరెసియో తెల్ల చొక్కా ముందంతా మట్టి. జాకీ కడ్డీ ఇంకా చేతిలోనే ఉంది.

"వదినా," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "ఆ మడ్‌గార్డు గురించి అన్నావే. జాకీ తెప్పించడానికి అన్నావా, నిజంగానే అన్నావా?"

ఉత్తిదే అనేస్తే సరిపోయేది. ఆ ఒక్క మాటతో ఆయన్ను ఆ మట్టిలోనే కూల్చేయవచ్చు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"నిజంగానే అన్నాను," అంది ఒర్సోలా. "పని రానివాడివైతే పోనీలే పాపం అనుకుని మర్చిపోదును. అంత చేయి పెట్టుకుని నా కూతుర్ని ఆ కుళ్ళు మీద కూర్చోబెట్టబోయావు. నిన్ను చచ్చేదాకా క్షమించను."